కార్యదర్శి సంతకం చేయాల్సిన గడి

ఏప్రిల్ 4, సాయంత్రం 5

మేనకోడలు ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకు ఖాళీ ఆన్సర్ షీట్ ఇచ్చి బయటికొచ్చింది. ఆఖరి సంవత్సరం, ఆఖరి పరీక్ష. తనకు చూపు లేదు. తను చెబుతుంటే రాయాల్సిన స్క్రైబ్ రాలేదు.

స్క్రైబ్‌లను పంపేది కాలేజీ కాదు, స్టూడెంట్స్ యూనియన్. పన్నెండేళ్లుగా అదే పద్ధతి. పోయిన నెల యూనియన్ సభలో వేదిక మీద కూర్చోమంటే తను ఒప్పుకోలేదు. చప్పట్ల కోసం బొమ్మలా కూర్చోవడం నా వల్ల కాదని సెక్రటరీ మొహం మీదే చెప్పిందట. ఈ రెండింటికీ సంబంధం ఉందనడానికి నా దగ్గర ఆధారం లేదు.

మళ్లీ పరీక్ష రాసేవాళ్ల జాబితా 20న మూస్తారు. అందులో పేరు లేకపోతే ఏడాది పోయినట్టే.

ఏప్రిల్ 5

కాలేజీ ఫారం మీద ఫిర్యాదు రాశాను. ఒక్క పేజీ. టైములు, గది నంబరు. విశేషణాలు లేవు. రిపోర్టరుగా ఇరవై ఆరేళ్ల అలవాటు. అవతలివాళ్ల వెర్షన్ లేకుండా పంపడానికి చెయ్యి రాలేదు. సెక్రటరీకి ఫోన్ చేశాను. అయ్యో, అలా జరిగిందా అంకుల్, కనుక్కుని చెబుతా, మీరేం టెన్షన్ పడకండి అన్నాడు. మర్యాదస్తుడే.

ఏప్రిల్ 7

కాలేజీ ఆఫీసు. క్లర్కు రేపో మాపో రిటైరయ్యే మనిషి. ఫారం తిరగేసి, కింద గడిలో యూనియన్ సెక్రటరీ సంతకం లేదన్నాడు. ఫిర్యాదే అతని మీద అన్నాను. అయితే మాత్రం, స్టూడెంట్ ఫిర్యాదులు యూనియన్ ద్వారానే రావాలి సార్, వెళ్లి అన్నను అడగండి, కాదనడు అన్నాడు. ఆ అన్నకు ఇరవై మూడేళ్లు.

అన్న కాదన్నాడు. స్క్రైబ్‌ల రిజిస్టరు తెరిచి చూపించాడు. స్క్రైబ్ 9.40కి వచ్చింది, అభ్యర్థి వద్దన్నారు, అని ఉంది. పేజీ అంతా నల్ల ఇంకు. ఆ ఒక్క లైను నీలం, రెండు లైన్ల మధ్య ఇరికించి ఉంది.

నేను ఫోన్ చెయ్యకపోతే ఆ లైను రాయాలని వాళ్లకు తట్టేది కాదు. రెండు రోజుల టైము నేనే ఇచ్చాను.

అదే రోజు, సాయంత్రం 6

ముందే సెక్రటరీకి ఫోన్ చేసిన సంగతి తనకు చెప్పక తప్పలేదు. నేను నీ మేనకోడల్నా, నీ వార్తనా మామయ్యా, అంది. అక్క వంటింట్లోంచే అందుకుంది. వాడంతే, రేపు మనింట్లో దొంగలు పడినా దొంగను అడిగిగానీ కేసు పెట్టడు, అని.



ఏప్రిల్ 9

ప్రిన్సిపాల్ మీటింగులో ఉన్నారు.

ఏప్రిల్ 11

మీటింగులోనే ఉన్నారు.

ఏప్రిల్ 14

ఆ రోజు హాల్లో డ్యూటీ చేసిన మేడమ్ దొరికారు. స్క్రైబ్ రాలేదు, నా కళ్లారా చూశాను కదా అన్నారు. ఆ ముక్కే రాసివ్వమన్నాను. నాకింకా పర్మనెంట్ కాలేదండీ అన్నారు.

ఏప్రిల్ 16

ఈసారి ఫిర్యాదు మేనకోడలే రాసింది, బ్రెయిలీలో. నాలుగు మందపాటి కాగితాలు, నిండా చుక్కల బొడిపెలు. నన్ను కౌంటరు దాకా తీసుకెళ్లమంది. నోరు మాత్రం విప్పొద్దంది.

క్లర్కు కాగితాలు తిప్పి చూశాడు, ట్యూబులైటు కింద పెట్టి చూశాడు. సంతకం గడి ఎక్కడుందమ్మా అన్నాడు. ఇందులో గడులుండవండీ అంది. మరి ఇందులో ఏముందో మాకెలా తెలుస్తుంది తల్లీ అన్నాడు. చదవాలంటే నన్నే పిలవాలి, కాలేజీలో ఇది వచ్చింది నాకొక్కదానికే అంది.

అది ఫిర్యాదో లీవ్ లెటరో ఆయనకు తేలలేదు. బొడిపెలు అణిగిపోకుండా మెల్లగా, ఒక మూల స్టాంపు వేసి లోపలికి పంపాడు.

పన్నెండు రోజుల్లో మాకు దొరికిన మొదటి స్టాంపు.

ఏప్రిల్ 19

జాబితా మూసేది రేపే. రేపు ఉదయం 11 గంటలకు ప్రిన్సిపాల్ గదిలో తను ఆ నాలుగు పేజీలూ పైకి చదువుతుంది. సెక్రటరీని రిజిస్టరుతో రమ్మన్నారు. మేడమ్‌నూ పిలిచారు.

నన్ను గేటు దగ్గరే ఉండమంది.