లిసాండ్రో సీసాలో నా చుక్కలు

మగాంగే,
1981 నవంబరు 9

చిరంజీవి నొయెమీకి,

నాన్న దీవెనలు. కాండెలారియా మాత నిన్నూ పసివాడినీ చల్లగా చూడాలి. ఇక్కడ మేము కులాసా. మీ బాబాయి లిసాండ్రో నాకంటే ఎక్కువ కులాసా. అది కొత్త సంగతేమీ కాదు.

మీ తాతగారు పోయిన ఏడు రేవు మెట్ల మీద మా అమ్మ జపమాల పట్టుకొని వాడు నాకొక మాట ఇచ్చాడు. "మందుల కొట్టు నీది, పడవ నాది. ఈ ఊళ్ళో నేనొక్క మందు సీసా అమ్మితే ఒట్టు, అన్నా" అన్నాడు. పద్దెనిమిదేళ్ళు నిలబెట్టుకున్నాడు. పడవ ఇంజను చెడిపోయిన ఏడు మాత్రం తొతూమో కాయ గుజ్జు, బెల్లం, తేనె కలిపి కాచి, రమ్ము సీసాల్లో పోసి, సంతలో సరిగ్గా నా కొట్టుకు ఎదురుగా బల్ల వేశాడు. దగ్గు మందట!

నీ ప్రశ్నలకు జవాబులు. నా మోకాలు వానలు తగ్గితే తగ్గుతుంది. అన్నం తింటున్నాను. పక్కింటి దొమీతిలా బొకాచికో చేప పులుసు పంపుతోంది, ముళ్ళతో సహా. చత్వారం పెరిగినా చదువు మానలేదు. ఇప్పుడు రోమను చక్రవర్తుల చరిత్ర చదువుతున్నాను. అందులో సగం మంది అన్నదమ్ముల చేతిలోనే పోయారు.

ఇక నీ ఉత్తరం చివర రాసినది. బాబుకు ఎనిమిదో నెల, వారం రోజులుగా దగ్గు, బాబాయి రెండు సీసాలు పంపాడు అని రాశావు. "నాన్నా, బాబాయి మందంటే నీకు పడదని ఊరంతటికీ తెలుసు. ఈసారి కుళ్ళు పక్కన పెట్టి చెప్పు, ఇవ్వచ్చా?" అని అడిగావు. ఇవ్వవద్దని నిన్న టెలిగ్రాం కొట్టాను. అది చూసి నువ్వు నవ్వుకొని ఉంటావు. నాన్నకు మళ్ళీ మొదలైందని మీ ఆయనకు చూపించి ఉంటావు. తప్పు నీది కాదు. పద్నాలుగేళ్ళుగా ఆ సీసా మీద నేను చెప్పని చాడీ లేదు. ఈగలు పడతాయన్నాను, రమ్ము వాసనన్నాను, పాచి పడుతుందన్నాను. ఒక్క నిజం మాత్రం చెప్పలేదు. చెబితేనే నువ్వు నమ్ముతావు గనుక ఇప్పుడు చెబుతున్నాను.

వాడు బల్ల వేసిన కొత్తలో ఎవరూ కొనలేదు. తీపి నీళ్ళను ఎవరు కొంటారు? ఒకరోజు వాడే నా కొట్టుకు వచ్చాడు.

"అన్నా, వాసనకు ఏదైనా కలపాలి. సోంపు సారం ఉంటే ఇవ్వవూ? మాట తప్పానని కోపమా?"

"కోపమెందుకురా, కూర్చో" అన్నాను.

లోపలికి వెళ్ళి సోంపు సారంలో కొడీన్ కలిపి ఇచ్చాను. దగ్గును అణచే మందే అది. కొలత దాటితే తల తిరుగుతుంది, కడుపు బిగుస్తుంది, మనిషి మగతలో పడిపోతాడు. ఊరు తల పట్టుకొని వాడి బల్ల తిరగేస్తుందని నా ఆశ. ఆ మర్నాడు పొద్దున్న నేను కొట్టు తెరుస్తుంటే, మొదటి సీసా కొన్న మనిషి వీధిలో నిలబడి అందరూ వినేలా అంది:

"లిసాండ్రో, నీ చేయి చల్లగా ఉండ! ఇరవై ఏళ్ళుగా ఈయన సీసాలు తాగుతున్నా ఇలాంటి నిద్ర ఎరగను."

మీ అమ్మ.

ఆ వారం వాడి బల్ల ఖాళీ అయింది. "దోన్ ఎవరిస్తో, మీ మందుకు డాక్టరు చీటీ కావాలి, మీ తమ్ముడి మందుకు చెంచా చాలు" అని బేరగాళ్ళు నా మొహం మీదే అన్నారు. ఒక నెల కొడీన్ మానేసి చూశాను. వాడు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటన్నా, నీ సారం చప్పబడింది. కుళ్ళుతో నీళ్ళు కలిపావా? జనం తిడుతున్నారు." అక్కడితో వాణ్ణి ముంచేయవచ్చు. కానీ ఆ తిట్లు వింటుంటే నా మందుకు విలువ తెలిసిందని ఒళ్ళు పులకరించింది తల్లీ. మళ్ళీ కలిపి ఇచ్చాను. అప్పటినుంచి ప్రతి నెలా ఇస్తూనే ఉన్నాను. వాణ్ణి పొగిడినప్పుడల్లా కడుపు మండేది, లోలోపల ఆ పొగడ్త నాదేనని పొంగేవాణ్ణి. నువ్వు తరగతిలో కునికిపాట్లు పడుతున్నావని సిస్టర్లు కబురు చేసినప్పుడు, రాత్రిళ్ళు నవలలు చదువుతుందని వాళ్ళకు అబద్ధం చెప్పాను. ఆ వానాకాలమంతా నువ్వు తాగింది బాబాయి మందే.

అందుకని విను. కొడీన్ పసివాడి ఊపిరినే మందగింపజేస్తుంది. మీ బాబాయి గిన్నెలో చుక్కలు కంటి కొలతతో పోస్తాడు. ఏ సీసాలో ఎంత ఉందో నాకే తెలియదు. పైగా తేనె, ఏడాది నిండని బిడ్డకు అది కూడా కూడదు. ఒక్క చెంచా ఇచ్చి ఉన్నా, వెంటనే బాబునూ సీసానూ తీసుకొని ఆసుపత్రికి వెళ్ళు. బాబు లేవకపోయినా, పాలు పట్టకపోయినా, మెడ వేలాడినా, ఊపిరి నెమ్మదించినా క్షణం ఆగకు. ఇందులో కొడీన్ ఉంది, కలిపింది మా నాన్న, అని చెప్పు. సిగ్గుపడి దాచకు. సిగ్గు నాది. ఇవ్వకపోతే సీసాలు పారబోసి, ఆ దగ్గును పిల్లల డాక్టరుకు చూపించు.

ఈ ఉదయం లిసాండ్రోకు చెప్పాను. కొడతాడనుకున్నాను. వాడు ఒక్కో సీసా మూత తీసి కాలువలో పోశాడు. పదకొండు సీసాలు. "మందు కావాలి మామా" అని ఎవరో వస్తే "మందు లేదు, ఎప్పుడూ లేదు" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు.

"డెల్ఫీనా వదినకు తెలుసా ఇది?"

"తెలియదు. తెలియకుండానే పోయింది."

"అయితే ఆ రోజు ఆమె మెచ్చుకున్నది నన్ను కాదన్నమాట."

పద్నాలుగేళ్ళుగా వాడు ఆ ఒక్క మాటను దాచుకొని బతికాడని అప్పుడు తెలిసింది. దాన్ని నేను తీసేసుకున్నాను. ఆ కాసేపు సంతోషించాను కూడా. నీ దగ్గర అబద్ధమెందుకు?

నా తప్పు నాకు తెలుసు, ఒప్పుకున్నాను. తమ్ముడు మాట తప్పడాన్ని ఇవాళ క్షమించాను. కానీ ఆ పొద్దున్న తల బరువుగా ఉందని ఒక్క మాట నాతో చెప్పి ఉంటే నేను భయపడి అక్కడే ఆపేవాణ్ణి. పక్కనే పడుకునే మనిషి నాకు చెప్పలేదు. వీధిలోకి వెళ్ళి వాడికి దండం పెట్టింది. ఆమె ఫోటో ముందు కూర్చునే ఇది రాస్తున్నాను. నేను ఇంకా క్షమించని మనిషి ఒక్కతే, డెల్ఫీనా.

ఇట్లు,
ఆ చుక్కలు కలిపినవాడు,
మీ నాన్న