పిట్టకు పెట్టిన ముద్ద

అన్నా,

నిన్న నీ ఏడాది మాసికం. అమ్మ డాబా మీద విస్తరి వేసి, నీకిష్టమని అన్నంతోపాటు కోడికూర కూడా పెట్టింది. పిట్ట ముట్టేదాకా అందరం మెట్ల దగ్గరే నిలబడ్డాం. కాకి ముడితే ఫోటో తీయమని నీ కెమెరా నా చేతికిచ్చింది అమ్మే.

చాలాసేపటికి ఒక కాకిపిల్ల వచ్చింది. దానికి ఇంకా సరిగ్గా ఎగరడం కూడా రాదు. అది అన్నంలో ముక్కు పెట్టగానే అమ్మ చేతులు జోడించింది.

"వచ్చినవా బిడ్డా. తిను, నిమ్మళంగ తిను."

అప్పుడే గద్ద దిగింది. ఫోటోల కోసం నువ్వు రోజూ ఇదే డాబా మీద కోడి పేగులు విసిరి అలవాటు చేసిన గద్ద. ఇంటి మీదికి గద్దల్ని పిలవొద్దని అమ్మ మొత్తుకుంటే నవ్వేవాడివి. అది కూర వైపు చూడను కూడా చూడలేదు. కాకిపిల్లను గోళ్లతో పట్టుకుని మసీదు మినార్ల వైపు ఎగిరిపోయింది.

"కొట్టురా దాన్ని" అని అమ్మ అరిచింది. నేను కొట్టలేదు. ఫోటో తీసేవాడు మధ్యలో చెయ్యి పెట్టకూడదని నేర్పింది నువ్వే.

ఫోటో మస్తుగా వచ్చింది. నువ్వు ఇన్నేళ్లూ కాచుకుని కూర్చున్నా నీకు దొరకని ఫోటో అది.

అమ్మ పొద్దున్నుంచి ఒకటే అడుగుతోంది. "ముద్ద మింగిండా, మింగకముందే ఎత్కపోయిందా?"

ఫోటో పెద్దది చేసి చూశాను. మెతుకులు ఇంకా ముక్కులోనే ఉన్నాయి.

మింగావని చెప్పాను.