వెనక్కి చూడని పాట

మాస్టారుగారికి, మీ దగ్గర డ్రమ్ములు వాయించినాయన భార్య నమస్కరించి రాస్తున్నది.

ఒకటే దరువు, మెరుపు లేదని మీరు ఆయన్ని మాన్పించి నెలయింది. రేడియోలో జాజ్ వచ్చినా, భజన వచ్చినా, డాన్సు పాట వచ్చినా ఆయన దరువే వినేవారు. "చూడవే, వీడు ఒక్క దెబ్బ ఎక్కువ వేయడు. అందుకే మన కాలు ఆగట్లేదు" అనేవారు. ఇప్పుడు రేడియో పెట్టడం లేదు. నిన్న నేను ఒళ్ళు అలిసి కుట్టుమిషను తొక్కలేక తడబడుతుంటే, ఆయన గోడవైపు తిరిగి పడుకునే ఉండి, మంచం పట్టె మీద వేళ్ళతో దరువేశారు. నా కుట్టు తిన్నగా పడింది.

మొన్న ఆయనకు చెప్పకుండా మీ కచేరీకి వచ్చి చివరి వరసలో కూర్చున్నాను. కొత్తాయన చేతులు భలే తిరుగుతాయి. కానీ పాడే అక్క మూడుసార్లు వెనక్కి తిరిగి డ్రమ్ముల వైపు చూసింది. మా ఆయన ఉన్నప్పుడు ఒక్కసారీ చూడలేదు.

నాకు సంగీతం తెలియదు. ఎందుకు చూసిందో ఆ అక్కనే అడగండి.