మమ్మీ కాడ మన చంద్రిక

చిక్కడపల్లి, 4-10-2012

మాసమ్మా, నేను, బిడ్డ సల్లగున్నం, రంది పడకు.

"మమ్మీ ఉన్న కాడ పనిచేస్తే అరిష్టమట, మ్యూజియం నౌకరి మాన్పించి చంద్రికను తోల్కరా" అని నన్ను పంపితివి గదా. పొద్దుగాల ఆ మాట చెప్దామనే పోయిన. మన చంద్రిక అద్దాల పెట్టె పక్కన నిలబడి బడిపిల్లలకు ఎంత ముద్దుగ చెప్తున్నదో! "అక్కా, లేచి పట్టుకుంటదా?" అని ఒక బుడ్డది అడిగింది. "లేదమ్మా, ఈమె ఈజిప్టు దేశంల చిన్న వయసులనే పోయింది. కన్నోళ్లు పాణం ఒప్పక, చెడిపోవద్దని ఇట్ల బట్టలు చుట్టిచ్చిండ్రు" అన్నది మన బిడ్డ. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నాకు సంతోషంతోని కండ్లల్ల నీళ్లు! కన్నోళ్లకు అంత గారాలైన ఆ మమ్మీ పిల్ల ఎవరికేం కీడు చేస్తది?

సావు చూసొచ్చిన గదా, గడప తొక్కకముందే నల్ల కాడ తానం చేసిన. కిరాయింటి ఓనరమ్మ పరేషానయింది.

"ఎవరు పోయిండ్రు పెద్దయ్యా?"

"వేల ఏండ్ల కింద ఒక పిల్ల పోయిందమ్మా!"

ఆమె ఒకటే నవ్వు.

చంద్రికను తోల్కరాను, నౌకరి చెయ్యనీ. చింతకాయ తొక్కు బస్సుల పంపు. బర్రె ఈనిందా? పెత్రమాసకు మన పెద్దల పేరు మీద బియ్యమిచ్చేటప్పుడు ఆ పిల్లకు సుత దోసెడు ఇయ్యి. ఇంత దూరం వచ్చింది, దానికి ఇక్కడ మనమే గదా.

పైలం.
నీ దాసయ్య