రంగంలో ఉండిపోయిన అన్నకి

అన్నా,

నిన్న పిడుగురాళ్లలో నీతో పటాలంలో పనిచేసిన దావీదు దొరికాడు. సున్నపు బట్టీ దగ్గర కాపలా ఉంటున్నాడు. ఎప్పట్లాగే వెటకారంగా, "మామా, మా అన్న రంగంలో కట్టుకున్న బర్మా పిల్ల పేరేంది? వదిన అడగమంది" అన్నాను.

ఆయన నవ్వలేదు.

"బర్మా పిల్లేందిరా? మీ అన్న రంగంలోనే ఉండిపోయాడని మీ మునసబుతో చెప్పింది నేనే. యుద్ధరంగంలో, అబ్బాయ్! అక్కడే ఓ కొండమీద నా చేతుల్తోనే పూడ్చా. రంగూను మొహం కూడా చూళ్ళేదు మీ అన్న."

మనవాళ్లకి రంగం అంటే రంగూనేగా. మునసబు ఆ ఒక్క మాట పట్టుకుని, నువ్వక్కడ రెండో కాపురం పెట్టావని ఊరంతా చాటాడు. ఇన్నేళ్లూ బావి దగ్గర వదినని 'రంగమ్మా' అని పిలిచి నవ్వారు. ముందు పిలిచింది ఆ మునసబే.

వదినకి చెప్పాను. "అయితే నన్నొదిలేసి పోలా" అంది. లేచి నాతో మునసబు ఇంటికి వచ్చింది.

అరుగు మీద నలుగురున్నారు. నేనేం జోకు వేస్తానా అని నా మొహం చూశారు. నాకు ఒళ్లు మండిపోతోంది. దావీదు మాట చెప్పాను.

"నాకట్టా వినపడింది. పోయినోడు ఎట్టా పోతే ఏందిరా ఇప్పుడు?" అన్నాడు మునసబు.

నేను అరుగెక్కబోతే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది.

"మునసబు గారూ, నా పేరు మరియమ్మండీ. ఒకసారి పిలవండి."

ఆయన తలొంచుకుని లోపలికి పోయాడు. ఇంకా పిలవలేదన్నా. రేపు మళ్లీ పోతున్నాం.

నీ తమ్ముడు