ముప్పై ఒక్క మిల్లీమీటర్లు

1979 జూన్ 11
మళ్లీ 31. ప్రోగ్రామ్ ఎన్నిసార్లు నడిపినా కంప్యూటర్ అదే చెబుతోంది. సన్న రంధ్రంలోంచి వాక్యూమ్‌లోకి దూకే గ్యాస్‌కు ఎదురుగా, 31 మిల్లీమీటర్ల దూరంలో కొసన చిల్లున్న కోన్ పెట్టాలి; ఆ చిల్లులోంచి మాలిక్యూల్స్ చల్లని సన్నధారగా, బీమ్‌గా, బయటికొస్తాయి. దగ్గరైతే మాలిక్యూల్స్ కోన్‌కు కొట్టుకుని వేడెక్కుతాయి. దూరమైతే బీమ్ పలచబడుతుంది. మా గైడ్ విఠల్‌రావు సార్‌కు ఒకటే సంబరం. లెక్క నాది, ప్రయోగం నా తోటి స్కాలర్ సదాశివది. వాక్యూమ్ ఛాంబర్‌కు కావలసిన స్టీలు కోసం రెండేళ్లు ఎదురుచూశాడు. అందులో కోన్ వెల్డింగ్ ఒక్కసారే. తప్పితే అతని పీహెచ్‌డీ గోవిందా.

జూన్ 14
అమ్మ పూలు కడుతూ, అంత ఉరికేటివి సల్లగెట్ల ఉంటయే అని అడిగింది. అన్నీ ఒకే వేగంతో పోతే తోసుకోవు, అదే చల్లదనం అన్నాను. పూల మార్కెట్ల జనం గట్ల తోసుకోకుంట పోవుడు ఎన్నడన్న చూసినవా అంది. లేదు మరి.

జూన్ 20
బస్సు దిగేసరికి వాన. ప్రోగ్రామ్ కార్డుల కట్టలో ఒకటి తడిసి ఉబ్బింది. దాని బదులు కొత్తది పంచ్ చేసి, కట్టను కంప్యూటర్ సెంటర్‌లో ఇచ్చాను.

జూన్ 21
22 వచ్చింది!
కొత్త కార్డులో ఒక అంకె తప్పు కొట్టాను. కానీ ఆ కార్డులో ఫిజిక్స్ ఏమీ లేదు. ఏ మాలిక్యూల్ దేన్ని ఢీకొడుతుందో తేల్చడానికి పాచికల్లా వాడే ర్యాండమ్ నంబర్లు ఎక్కడ మొదలవ్వాలో చెబుతుంది, అంతే. ఏ అంకె పెట్టినా ఒకే జవాబు రావాలి. మరి 31 ఎటు పోయింది?

జూన్ 23
ఇంకో అంకె పెడితే 38. ఇంకోటి, 27.
అర్థమైంది, సగం. ఎప్పుడూ ఒకే అంకెతో మొదలుపెట్టాను కనుక ప్రతిసారీ అవే పాచికలు పడ్డాయి. ఒక్కడినే పదిసార్లు అడిగి, ఊరంతా ఒప్పుకుందని మురిసిపోయాను. ఛీ. అసలు దూరమెంతో నాకు తెలియదు. వెల్డర్ వచ్చేది సోమవారం.

జూన్ 25
వెల్డర్ నిన్ననే వచ్చి, 31 దగ్గర కోన్ అతికించి పోయాడట.
సార్‌కు చెబితే, గన్నిసార్లు అదే వచ్చె, ఇంకా అనుమానమేందమ్మా అన్నారు. అందుకే సార్ అనుమానం అన్నాను. ఛాయ్ తెప్పించారు. సదాశివకు చెప్పాను. ఫికర్ జెయ్యకు, నీ లెక్క మీద నాకు భరోసా ఉంది అన్నాడు. ఏడుపొచ్చింది.

జూలై 30
బీమ్ వచ్చింది. ఆశపడినదానికన్నా చల్లగా. సార్ పేడాలు పంచారు. అందరూ నాతోనే చేయి కలిపారు. గుడ్డిదెబ్బా? లేక నాకు తెలియనిదేదో 31కి తెలుసా? సంతోషపడాలో భయపడాలో తెలియడం లేదు.

ఆగస్టు 2
రెండో ఛాంబర్ మంజూరైంది. ఈసారి వేరే గ్యాస్. దూరమెంత పెట్టాలె అని సదాశివ అడిగాడు. తెలియదు అన్నాను. నీకు మరీ అణకువ ఎక్కువ అని నవ్వి, 31 అని రాసుకుని పోయాడు.