సారా కాంట్రాక్టరుకు శిక్ష పడిన రోజు

శుక్రవారం

గెలిచాం. ఊళ్లో సారా దుకాణం పెట్టనివ్వనన్నందుకు మా బాపును కొట్టి చంపిన కాంట్రాక్టరుకు ఈరోజు మహబూబ్‌నగర్ కోర్టులో యావజ్జీవ శిక్ష పడింది. ఒకప్పుడు అతని పేరు చెబితే జిల్లా అంతా వణికేది. పారిపోయాక అతని ఫోటో బస్టాండు గోడల మీద వెలిసిపోయిందే గానీ, ముప్పై ఏళ్లు మనిషి దొరకలేదు. పోయినేడు మహారాష్ట్రలో పేరు మార్చుకుని, గడ్డం పెంచుకుని, ఒక మఠంలో పెద్దమనిషిగా బతుకుతుంటే పట్టుకున్నారు.

బోనులో అతను సరిగా నిలబడలేకపోయాడు. బయట అతని మనవరాలు ఏడుస్తోంది. ఒక్క క్షణం నాకే జాలేసింది. ఇన్నేళ్లకు ఈ ముసలాణ్ణి జైల్లో పెడితే ఏమొస్తుంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది...

వాళ్ల వకీలు కూడా అదే అన్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, దయ చూపమన్నాడు. జడ్జి అమ్మను, "మీరేమైనా చెప్తారా?" అని అడిగాడు. అమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"ఆయినకు డెబ్బై ఆరేండ్లు వచ్చినయ్ సారూ. నా పెనిమిటికి ముప్పై నాలుగు గూడ నిండనియ్యలే."

వకీలు తల దించుకున్నాడు.

తిరుగు బస్సులో అమ్మ ఉన్నట్టుండి నవ్వింది. "మీ బాపు మస్తు ఈత గొట్టేటోడు బిడ్డా. పెండ్లయిన కొత్తల నేను జూస్తున్ననని గట్టు మీదికెల్లి బాయిల దుంకిండు."

ముప్పై ఏళ్లుగా బాపు చావు గురించే చెప్పిన అమ్మ, ఈరోజు ఊరొచ్చేదాకా ఆయన బతుకు గురించి చెప్పింది.